ఒరిజినల్ ఆఫ్రికన్ పెయింటింగ్ అని ప్రింటు అంటగడుతున్నారు, పాలమూరు, నల్లగొండ వాళ్ళు జాగ్రత్త

హైదరాబాద్‌లో ఒక ఆర్ట్ గ్యాలరీ వాళ్ళు మన వైపు కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళకు, క్లినిక్‌లు పెట్టుకున్నవాళ్ళకు ఫోన్లు చేసి మరీ బొమ్మలు అమ్ముతున్నారు. యూరప్, అమెరికా వాళ్ళు పట్టించుకోని ఆఫ్రికా, ఆసియా కళాకారులకు మేమే అండ, మీరిచ్చే పైసల్లో సగానికి పైగా వాళ్ళకే పోతాయి అంటారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయట్లేదు.

మాకు అమ్మింది టింగాటింగా పెయింటింగ్. చేత్తో వేసిన ఒరిజినల్ అని 38 వేలు తీసుకున్నారు. ఈ శైలి టాంజానియాది. ఎడ్వర్డ్ సైదీ టింగాటింగా అనే ఆయన 1968 ప్రాంతంలో దారెస్సలాంలో హార్డ్‌బోర్డు ముక్కల మీద, సైకిళ్ళకు వేసే ఎనామెల్ పెయింటుతో జంతువులు, పక్షులు వేయడం మొదలుపెట్టాడు. 1972లో చనిపోయాడు. ఆయన శిష్యులు, వాళ్ళ శిష్యులు ఇప్పటికీ వేస్తున్నారు, కాన్వాస్ మీద కూడా వేస్తారు, కాబట్టి కాన్వాస్ అయినంత మాత్రాన దొంగ సరుకు కాదు. మా దాని మీద మాత్రం సంతకం ఇ.ఎస్. టింగాటింగా అని, వెనక స్టిక్కరు మీద 2019 అని ఉంది! పోయినాయన లేచొచ్చి వేసిపోయాడేమో మరి.

ఫ్రేము కట్టే ఆయన భూతద్దం పెట్టి చూపించాడు, రంగంతా సన్నటి చుక్కలే, అంటే ఇంక్‌జెట్ ప్రింటు. చేత్తో తడిమితే బ్రష్ గీతలు తగులుతాయి, కానీ అవి ప్రింటు మీద పూసిన రంగు లేని జెల్‌వి, పక్షి ముక్కు ఒకవైపు తిరిగితే గీత ఇంకోవైపు పోతుంది. నల్లగొండలో మాకు తెలిసిన డెంటిస్ట్ దగ్గరా ఇదే బొమ్మ ఉంది, ఎడమ జిరాఫీ చెవి పక్కన జారిన ఎర్ర చుక్కతో సహా. చేత్తో వేస్తే పొరపాటు కూడా అచ్చుగుద్దినట్టు అక్కడే పడుతుందా?

అడిగితే, చిన్న ఊళ్ళలో ఆర్ట్ అర్థం కాదండీ, ఇలా అనుమానిస్తే పేద కళాకారులను అవమానించినట్టే అన్నారు. వేసినాయన పేరు చెప్పమంటే చెప్పరు. అసలు తిరకాసు బిల్లులో ఉంది: ఫోన్‌లో ఒరిజినల్ పెయింటింగ్, బిల్లు మీద మాత్రం వాల్ డెకర్! కొనేముందు బిల్లులోనే కళాకారుడి పేరు, ఏ రంగులతో దేని మీద వేశారో, చేత్తో వేసిందా ప్రింటా అన్నది రాసిమ్మనండి. రాయనంటే వదిలేయండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. కేసు వేయాలన్నా హైదరాబాద్ తిరగక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం డిలీట్ చేయకండి, ఒరిజినల్ అన్న మాట వాటిలోనే ఉంది. ఆ ఎర్ర చుక్క జిరాఫీ ఇంకెవరింట్లో అయినా ఉంటే చెప్పండి, ఫోటోలన్నీ కలిపి కమిషన్‌కు ఇద్దాం.