ఫాబ్‌డెమ్‌తో మూడేళ్లు: గళ్లు చిన్నవైతే చాలదు

మూడేళ్లుగా నాది ఒకటే పని. నేలను 90 మీటర్ల చదరపు గళ్లుగా విడగొట్టి, నీటి పారకాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడల్ ఇచ్చిన వరద పటాన్ని 30 మీటర్ల గళ్లకు తేవడం. ముతక పటంలోని నీటిమట్టాన్ని సన్న గళ్ల నేల ఎత్తుల పటం (ఇప్పుడైతే ఫాబ్‌డెమ్) మీద పరిచి, అంతకన్నా పల్లంగా ఉన్న గళ్లను నింపుతాను. మోడల్‌నే సన్న గళ్లతో నడపొచ్చు కదా అంటారు. గడి వెడల్పు సగం చేస్తే గళ్లు నాలుగింతలవుతాయి, టైమ్ స్టెప్ (మోడల్ ఒక్కో అడుగులో ముందుకు జరిపే సమయం) కూడా సగానికి దించాలి. అంటే లెక్క దాదాపు ఎనిమిదింతలు. నా కంప్యూటర్‌కు అంత ఓపిక లేదు.

మొదట్లో 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తులతో నెట్టుకొచ్చాను. రాడార్ నేలదాకా వెళ్లకుండా చెట్ల గుబురు మీద, ఇళ్ల కప్పుల మీద తగిలి వెనక్కి వస్తుంది. దాంతో ఒడ్డున చెట్ల వరస ఉంటే పటంలో అదే కరకట్ట అయి కూర్చుంటుంది, నీళ్లు దాటవు. బ్రిస్టల్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో తెచ్చిన ఫాబ్‌డెమ్‌లో యూరప్‌వాళ్ల కోపర్నికస్ 30 మీటర్ల డెమ్ (ఎత్తుల పటం) నుంచి చెట్ల, భవనాల ఎత్తును మెషిన్ లెర్నింగ్‌తో తీసేశారు. దానికి మారాక ఆ దొంగ కట్టలు చాలావరకు పోయాయి. వ్యాపారేతర పనులకు ఉచితం.

అసలు కట్టలతోనే చిక్కు. పైన ఐదారు మీటర్ల వెడల్పుండే కట్ట 30 మీటర్ల గడి సగటులో కరిగిపోతుంది. వాటిని గీతలుగా గీసి, ఎత్తు నేనే ఎక్కిస్తాను. రోడ్ల కింద నీళ్లు పారే కల్వర్టులూ పటంలో కనబడవు, వాటినీ నేనే గీస్తాను. నదితో సంబంధంలేని గుంటలు కూడా నిండిపోతాయి, వాటిని ఏరేయాలి.

ఒకసారి ఉత్సాహంకొద్దీ అదే పటాన్ని 5 మీటర్ల గళ్లకు రీశాంపిల్ చేశాను (ఉన్న ఎత్తులనే చిన్న గళ్లలోకి పంచాను). అంచులు నున్నగా, చూడముచ్చటగా వచ్చాయి. "ఈ రోడ్డు మునుగుతుందా?" అని ఒక ఇంజినీరు అడిగితే నోట మాట రాలేదు. కిలోమీటరుకు మీటరు వాలున్న నేలలో ఎత్తు ఒక్క మీటరు తప్పితే వరద అంచు కిలోమీటరు జరుగుతుంది, ముప్పైకి పైగా గళ్లు! ఇక 5 మీటర్ల సొగసు ఎవరికి? అప్పట్నుంచి మట్టాన్ని అర మీటరు పెంచి ఒకటి, తగ్గించి ఒకటి, రెండు అంచులూ గీసి ఇస్తున్నాను.

సరిచూసుకోవడానికి సెంటినెల్-1 అనే రాడార్ ఉపగ్రహ చిత్రాలు వాడతాను. పొలాల్లో నీళ్లు నల్లగా తేలిపోతాయి. ఊళ్లో మాత్రం నీటికీ గోడకూ తగిలి రాడార్ రెండుసార్లు తిరగడంతో మునిగిన వీధి తెల్లగా మెరుస్తుంది, అక్కడ నమ్మను.

లైడార్ (లేజర్‌తో కొలిచిన నేల ఎత్తులు) ఉన్నచోట ఫాబ్‌డెమ్ జోలికి పోను. లేనిచోట ఇప్పటికీ ఇదే తెరుస్తాను, నా కట్టల ఫైలు పక్కన పెట్టుకుని.