పోర్ట్స్‌మౌత్‌లో రెండు రోజులు, ఒక ఫిరంగి కోసం

ఇంగ్లండ్ రేవు పట్టణం పోర్ట్స్‌మౌత్ వెళ్లినవాళ్లు అడ్మిరల్ నెల్సన్ ఓడ విక్టరీ చూసి వచ్చేస్తారు. నేను వెళ్లింది ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగి కోసం, అంటే వెనక నుంచి గుండు నింపే పాత బ్రిటిష్ ఫిరంగి. ఇంట్లో నవ్వారు, అది వేరే సంగతి.

మొదటి రోజు డాక్‌యార్డ్. హార్బర్ స్టేషన్‌లో దిగితే పక్కనే వారియర్ ఓడ. 1860లో నీళ్లలోకి దిగిన ఈ ఇనుప ఓడ సేవలో చేరినప్పుడు 40 ఫిరంగులు: 26 నున్నటి గొట్టాల పాతరకం, 10 ఏడంగుళాల ఆర్మ్‌స్ట్రాంగ్‌లు, వాటికి చిన్న తమ్ముళ్లు 4. ఫిరంగికీ ఫిరంగికీ మధ్యే నావికుల భోజనం బల్లలు. ఓడ అద్భుతం. కానీ ఫిరంగులు చాలావరకు ఫైబర్‌గ్లాస్ నకళ్లు. టికెట్ ధరకి కాస్త మనసు చివుక్కుమంది.

రాత్రి బస ఒక గెస్ట్‌హౌస్‌లో. గది శుభ్రం, హీటర్ మాత్రం తెల్లారేదాకా మొరాయించింది. పొద్దున టీ బాగుంది కాబట్టి సగం క్షమించాను.

రెండో రోజు పోర్ట్స్‌డౌన్ కొండ మీద ఫోర్ట్ నెల్సన్, పాత కోటలో ఫిరంగుల మ్యూజియం. మేం వెళ్లినప్పుడు ప్రవేశం ఉచితం. అసలు ఇనుము ఇక్కడుంది. న్యూకాజిల్‌లో లాయరుగా మొదలైన ఆర్మ్‌స్ట్రాంగ్ 1850లలో తయారుచేసిన పద్ధతి ఇది: ఇనుప కడ్డీని చుట్టలుగా చుట్టి గొట్టం చేసి, బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించినట్టే వేడి చేసి ఒకదానిపై ఒకటి తొడగడం. లోపల మెలి తిరిగిన సన్నటి గాడులు. సీసం పూసిన గుండు ఆ గాడుల్లో ఒరుసుకుంటూ, బొంగరంలా తిరుగుతూ వెళ్తుంది.

గుండునీ మందునీ వెనక నుంచి, బోలుగా ఉన్న పెద్ద మర గుండా తోస్తారు. తర్వాత పైనున్న సందులో వెంట్ పీస్ అనే ఇనుప దిమ్మ దించి, మర బిగిస్తారు. పెద్ద ఫిరంగికి కష్టమంతా ఈ దిమ్మతోనే. బిగింపు సరిగా లేకపోతే అదే పైకి ఎగిరిపోయేది. 1863లో జపాన్‌లోని కగోషిమా దగ్గర బ్రిటిష్ నౌకాదళం 21 ఆర్మ్‌స్ట్రాంగ్‌లతో 365 సార్లు పేలిస్తే 28 ప్రమాదాలు! బ్రిటన్ బెదిరి మళ్లీ మూతి నుంచి దట్టించే ఫిరంగులకే వెళ్లింది. అక్కడా సుఖం లేదు. 1879లో థండరర్ ఓడలో పేలని ఫిరంగిని గమనించక రెండోసారి దట్టించారు, 11 మంది చనిపోయారు. వెనక నుంచి నింపేదానికి అలా పొరపాటున రెండుసార్లు దట్టించడం కుదరదు. దాంతో ఆ రకం మళ్లీ వచ్చింది.

ఇదే కోటలో 1464 నాటి టర్కీ ఫిరంగి ఒకటుంది, రెండు ముక్కలుగా మరతో విడిపోతుంది. దాని ముందే అరగంట నిలబడిపోయాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ఫిరంగి పేల్చారు. చెప్పి మరీ పేల్చినా ఉలిక్కిపడ్డాను.

ఒక్కరోజే ఉంటే నేను కోటకే ఓటేస్తాను. కాకపోతే కొండ దిగడానికి ముందే టాక్సీ మాట్లాడుకోండి. మేం ఫోన్ చేసిన టాక్సీ రాలేదు, ఎదురుగాలిలో పోర్ట్‌చెస్టర్ స్టేషన్ దాకా నడిచాం.