నలభై దాటిన ముఖానికి ఏడేళ్లుగా రాస్తున్నవి: నా సమీక్ష

నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు. విజయవాడలో పాఠాలు చెప్పుకుంటూ, రోజూ రెండు పూటలా ఎండలో స్కూటీ నడుపుతూ, నలభై ఒకటో ఏట నుంచి ముఖానికి వాడుతున్న వాటిలో ఏది డబ్బుకు తగిన ఫలితం ఇచ్చిందో, ఏది మూలన పడిందో రాస్తున్నాను. నాది మొదటి నుంచీ జిడ్డు చర్మం. వయసులో మొటిమలు వేధించాయి, ముప్పై ఎనిమిదో ఏట బుగ్గల మీద మంగు మచ్చలు మొదలయ్యాయి.

ఆ మంగుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమే నేను చేసిన పెద్ద పొరపాటు. నెల తిరిగేసరికి ముఖం తెల్లబడి అందరూ మెచ్చుకున్నారు కానీ, నాలుగు నెలలకు చర్మం పలచబడి, క్రీమ్ మానిన రోజల్లా ఎర్రగా కంది మండేది. అందులో స్టెరాయిడ్ ఉందని చర్మవైద్యురాలు చెప్పేదాకా నాకు తెలియదు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్ మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది కనుక, వైద్యుల చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అడిగితే ఇచ్చే షాపులు మాత్రం ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ మంట చల్లారాక ఆ వైద్యురాలు మొదట రాసిచ్చింది సన్‌స్క్రీన్. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె 30 అయితే అతినీలలోహిత కిరణాలలో చర్మాన్ని కమిలించే బీ రకాన్ని సుమారు 97 శాతం, 50 అయితే 98 శాతం ఆపుతుంది కాబట్టి, అంకె కంటే రాసుకునే మోతాదే ముఖ్యమని నాకు ఆలస్యంగా అర్థమైంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవున తీసుకుని, ఆరుబయట ఉన్నప్పుడు రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలన్న నియమం పాటిస్తే, 50 గ్రాముల ట్యూబు నెలకు కూడా రాదు. ఖర్చు మీద నాకున్న ఫిర్యాదు ఇదొక్కటే. అయితే మామూలు సన్‌స్క్రీన్ రెండేళ్లు రాసినా మంగు పెద్దగా తగ్గలేదు. మంగును కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుందనీ, దాన్ని అడ్డుకోవడానికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ కావాలనీ తెలిసి మార్చాక, ఏడాదికి మచ్చల అంచులు చెదిరి పలచబడ్డాయి. పూర్తిగా పోలేదు, పోతాయన్న ఆశా నాకు లేదు.

రాత్రి పూట వాడే ట్రెటినాయిన్ 0.025 శాతం క్రీమ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన ఈ మందు మొదట మొటిమలకే వచ్చింది. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను పెంచి సన్నని ముడతలను తగ్గించే గుణం తరువాత బయటపడింది. తొందరపడి మొదటి వారమే రోజూ రాసి, పెదవుల చుట్టూ పొట్టు లేచి, పులుసన్నం తింటే మండే స్థితికి వచ్చాను. ఆపై వారానికి రెండు రాత్రులు, శనగగింజంత, తడి పూర్తిగా ఆరిన ముఖానికి, కిందా పైనా మాయిశ్చరైజర్‌తో రాయడం మొదలుపెట్టి, ఆరు నెలలకు నాలుగు రాత్రులకు చేరాను. కళ్ల పక్క గీతలు మెత్తబడినట్టు అనిపించడానికి దాదాపు ఏడాది పట్టింది. ఇది వాడుతున్న రోజుల్లో పైపెదవికి వ్యాక్సింగ్ చేయించుకుంటే చర్మమే ఊడి వస్తుంది. ఆ అనుభవం నాకు ఒక్కసారి చాలింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు, గర్భిణులు దీన్ని వాడకూడదు.

మా అమ్మ చేసే సున్నిపిండిలో పెసలు, కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా పడతాయి. విటమిన్ ఎ కుటుంబానికే చెందిన రెటినాల్‌కు బదులుగా ఈ మధ్య అమ్ముతున్న బకుచియోల్ ఆ బావంచాల గింజల నుంచే తీస్తారని తెలిసినప్పుడు అమ్మ గర్వానికి హద్దు లేదు. కానీ ఆ గింజల్లోనే ఎండకు చర్మాన్ని సున్నితం చేసే సోరాలెన్‌లు కూడా ఉంటాయి కనుక, మంగు ఉన్న నేను ముఖానికి సున్నిపిండి మానేశాను. ఒంటికి మాత్రం పండుగలకు తప్పదు.

నలభై ఐదు దాటి నెలసరి క్రమం తప్పడం మొదలైనప్పుడు, జీవితమంతా జిడ్డుగా ఉన్న నా ముఖం స్నానం చేసిన పది నిమిషాలకే బిగుసుకుపోసాగింది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గేకొద్దీ చర్మంలో తేమ, కొలాజెన్ కూడా తగ్గుతాయట. అప్పటిదాకా నాకు అచ్చివచ్చిన నురగ ఫేస్‌వాష్, మొటిమలకు వాడే సాలిసిలిక్ ఆమ్లం రెండూ ఒక్కసారిగా పగవాళ్లయ్యాయి. ఉదయం ఉత్త నీళ్లతో కడిగి, రాత్రి మాత్రమే నురగ రాని క్లెన్సర్ వాడి, తడి ఆరకముందే, చర్మంలో తేమను నిలిపే సెరమైడ్లు, గ్లిజరిన్ ఉన్న సాదా మాయిశ్చరైజర్ పూసుకోవడంతో రెండు వారాల్లో ఆ బిగువు పోయింది. ఏడేళ్లలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత త్వరగా ఫలితమిచ్చినది ఇంకొకటి లేదు. విటమిన్ సి సీరమ్ మాత్రం మే నెల వేడికి సీసాలోనే గోధుమరంగుకు తిరిగింది, రెండోది కొనలేదు.

ఇన్నేళ్లూ ముఖం మీదే దృష్టి పెట్టి, హ్యాండిల్ పట్టుకునే చేతులను వదిలేశాను. ఇప్పుడు నా ముఖం కంటే నా ముంజేతుల వయసే పెద్దదిగా కనిపిస్తోంది. ఆరు నెలలుగా వాటికీ సన్‌స్క్రీన్ రాస్తున్నాను. తేడా ఇంకా ఏమీ కనిపించలేదు.