త్రిశూర్ పూరం: గొడుగులకన్నా ముందు మేళం

కేరళలో ఒక్క ఆలయ ఉత్సవం మాత్రమే చూసే వీలున్నవారిని త్రిశూర్ పూరానికే వెళ్ళమని చెబుతాను. అయితే అందరూ ఫోటోల్లో చూసే రంగురంగుల గొడుగుల కోసం కాదు, ఆ మధ్యాహ్నం వడక్కున్నాథన్ ఆలయ ప్రాంగణంలో మోగే ఇలంజితర మేళం అనే వాద్యగోష్ఠి కోసం వెళ్ళాలి.

మలయాళ మేడమాసంలో, అంటే ఏప్రిల్, మే నెలల్లో, పుబ్బ నక్షత్రం నాడు ఈ ఉత్సవం జరుగుతుంది. పద్దెనిమిదవ శతాబ్దం చివర కొచ్చిని ఏలిన శక్తన్ తంపురాన్ చుట్టుపక్కల పది ఆలయాలను కలిపి దీన్ని ఏర్పాటు చేశాడు. వడక్కున్నాథన్ అంటే శివుడు, ఆయన తన గుడి వదిలి రాడు, ఆ పది ఆలయాల దేవతలే ఏనుగులెక్కి ఆయన సన్నిధికి వస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాలలో గజవాహనాన్ని సేవించుకునే మనకు దేవత నిజమైన ఏనుగు మీద తరలిరావడం వేరే అనుభూతి. లష్కర్ బోనాలలో అంబారీ మోసే ఒక్క ఏనుగును చూడడానికే మనవాళ్ళు దారిపొడవునా నిలబడతారు, ఇక్కడ సాయంత్రానికి ఆ పదిలో ప్రధానమైన పారమెక్కావు, తిరువంబాడి ఆలయాల పక్షాలకు చెరి 15 చొప్పున 30 ఏనుగులు ఎదురెదురుగా బారులు తీరుతాయి.

మేళం మధ్యాహ్నం రెండు దాటాక పొగడ చెట్టు దగ్గర మొదలవుతుంది. చెండ అనే డోళ్ళు, ఇలత్తాళం అనే కంచు తాళాలు, కొమ్ములు, సన్నాయి వంటి కుళల్ పట్టుకొని రెండువందల మందికి పైగా కళాకారులు వరుసలు కడతారు. మొదట నింపాదిగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకునేంత వ్యవధితో సాగే ఈ పాండిమేళం (చెండమేళంలో ఒక పద్ధతి), అంచెలంచెలుగా వేగం పుంజుకొని, రెండు గంటలు గడిచేసరికి శబ్దం చెవుల్లో కాక రొమ్ములో మోగుతున్నట్లు అనిపించే స్థాయికి చేరుతుంది. నా ముందు నిలబడిన ఒక పెద్దాయన ప్రతి తాళావర్తనం ముగింపు దగ్గరా తప్పకుండా రెండు చేతులూ పైకెత్తారు. ఆయనతోపాటు వేలమంది చేతులు అదే క్షణంలో లేచాయి. ఎవరూ సైగ చేయలేదు, తాళం వారికి అంతగా ఒంటబట్టింది. సంగీతం తెలిసినవారు ఈ ఒక్క మేళం కోసమే ప్రయాణం పెట్టుకోవచ్చు.

తర్వాత దక్షిణ గోపురం వెలుపల జరిగే కుడమాట్టం కనులపండువే. ఏనుగుల మీద నిలబడినవారు పట్టు గొడుగులను మార్చి మార్చి ఎత్తుతుంటే, ఒక పక్షం కొత్త గొడుగు చూపగానే అవతలి పక్షం అంతకు మించినది చూపుతుంది. ఒక్కొక్క పక్షం పదులకొద్దీ జతలు సిద్ధం చేసుకొని వస్తుంది. కానీ జనసమ్మర్దం వల్ల పొట్టివారికీ, పిల్లలకూ గొడుగుల అంచులు తప్ప మరేమీ కనిపించవు.

ఏనుగుల గురించి చెప్పకుండా ఈ సమీక్షను ముగించలేను. బంగారు వన్నె నెట్టిపట్టాల (నుదుటి ఆభరణాల) కింద ఆ నుదుళ్ళు ఎంత అందంగా ఉన్నా, మండు వేసవిలో, ఆ హోరులో, కాళ్ళకు గొలుసులతో గంటలతరబడి నిలబడటం వాటికి కష్టమే. ఒక మావటి తన ఏనుగు పాదాల కింద తడి గోనెసంచులు పరచి, పుచ్చకాయ ముక్కలు నోటికందించడం దగ్గర నుంచి చూశాను. ఆ శ్రద్ధ అందరిలోనూ ఉండాలి. ఏనుగుల మధ్య కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలని 2024లో కేరళ హైకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలను అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసింది. వరుసలో ఏనుగులు తగ్గినా పూరం శోభ తగ్గదని నా నమ్మకం, ఎందుకంటే దాని ప్రాణం మేళంలో ఉంది.

సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా త్రిశూర్‌లో దిగవచ్చు. స్టేషన్ నుంచి ఉత్సవం జరిగే తేక్కిన్‌కాడు మైదానానికి నడిచి వెళ్ళవచ్చు. మేము దిగిన లాడ్జిలో పూరం రోజులకు అద్దె బాగా పెంచారు, కనుక గది ముందే మాట్లాడుకోవడం మంచిది. గుడిలోకి వెళ్ళే మగవారు చొక్కా తీసేయాలి. తెల్లవారుజామున జరిగే బాణసంచా చప్పుడు చాలా తీవ్రంగా ఉంటుంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవారిని, పసిపిల్లలను ఆ సమయంలో మైదానం దగ్గరకు తీసుకువెళ్ళకండి. పెద్దవారితో వెళితే మర్నాటి పగటి పూరం చూపించండి. ఆ ఉదయం కూడా మేళమూ, కుడమాట్టమూ ఉంటాయి, మధ్యాహ్నానికి రెండు పక్షాల దేవతలు ఒకరి వద్ద ఒకరు సెలవు తీసుకునే వేడుకతో పూరం పూర్తవుతుంది.