కోరలా, అద్దమా, గడపా? చవక రక్తపిశాచికి ఏది మేలు

చేతిలో 40 వేలు. ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్. లొకేషన్ మా మేనమామ గారి పాతిల్లు, అద్దె లేదు. దెయ్యాలు అరిగిపోయాయి, ఈసారి రక్తపిశాచిని పెడదాం, జనం నవ్వాలి, ఒక్కసారైనా ఉలిక్కిపడాలి అన్నారు మావాళ్ళు. సరేనని మూడు సినిమాలు ముందేసుకుని మళ్ళీ చూశాను. న్యూజిలాండ్ వాళ్ళు వెల్లింగ్టన్‌లో తీసిన ‘వాట్ వి డూ ఇన్ ద షాడోస్’ (2014), నికొలస్ కేజ్ నటించిన ‘వాంపైర్స్ కిస్’ (1988), హాంకాంగ్ ‘మిస్టర్ వాంపైర్’ (1985). మొదటి రెండూ 20 లక్షల డాలర్లకి అటూఇటూగా ముగించిన సినిమాలు, హాలీవుడ్ లెక్కలో చిల్లర. మూడోదాని ఖర్చు సంగతెలా ఉన్నా, అందులో పిశాచి మన జేబుకి సరిపోయేది.

ముందు కోరలు. ఆన్‌లైన్లో తెప్పించిన ప్లాస్టిక్ పలువరస తగిలించుకుని మా హీరో డైలాగ్ ఎత్తుకున్నాడు. ప, బ, మ పలకాలంటే పెదాలు రెండూ కలవాలి కదా, కలిసి చావవు. ‘అమ్మా, భయపడకు’ అనాల్సినవాడు ‘అన్నా, హయహడకు’ అన్నాడు. కింద చొంగ. మంచి కోరలు కావాలంటే పంటి అచ్చు తీయించాలి, అది మన లెక్కలో లేదు. 1931 నాటి ‘డ్రాక్యులా’ సినిమాలో ఆ వేషం వేసిన బెలా లుగోసీకి కోరలే కనిపించవు, చూపుతోనే నడిపించేశాడు. కోరలూ, కళ్ళు ఎర్రబడటమూ, రంగుల్లో రక్తమూ జనానికి బాగా అలవాటైంది 1958లో క్రిస్టఫర్ లీ డ్రాక్యులాగా వచ్చాకే.

‘వాంపైర్స్ కిస్’లో ఇదే ఇబ్బందిని కథలో కలిపేశారు. న్యూయార్క్‌లో సాహిత్య ఏజెంటుగా పనిచేసే పీటర్ (కేజ్ వేసిన పాత్ర) తాను పిశాచి అయిపోతున్నానని నమ్ముతాడు. కోరలు మాత్రం రావు. కొట్టుకెళ్తే మంచి రకం కొనేందుకు డబ్బు చాలదు, చవక ప్లాస్టిక్‌వి కొనుక్కుని వాటితోనే ఊరంతా తిరుగుతాడు. పడుకోవడానికి శవపేటిక లేదు, సోఫా తిరగేసి దాని కింద దూరతాడు. ప్రొడక్షన్ వాళ్ళకి మిగిలిన డబ్బెంతో గానీ, చూసేవాడికి నవ్వూ వస్తుంది, వీడు ఏమైపోతాడో అని గుబులూ పుడుతుంది. (అందులో కేజ్ బతికున్న బొద్దింకని నిజంగానే నమిలాడు. మావాళ్ళలో ఎవరూ దానికి ఒప్పుకోలేదు.)

అద్దం దగ్గరే నాకు పెద్ద తేడా కనిపించింది. పిశాచికి అద్దంలో ప్రతిబింబం ఉండదన్నది బ్రామ్ స్టోకర్ 1897 నవల ‘డ్రాక్యులా’ నుంచి వస్తున్న నియమం. దాన్ని తెరమీద చూపించాలంటే గ్రాఫిక్స్ కావాలి, లేదా అద్దం స్థానంలో ఖాళీ ఫ్రేమ్ పెట్టి వెనక అచ్చం అలాంటి గదే ఇంకోటి కట్టాలి. న్యూజిలాండ్ వాళ్ళు చేసిన ముచ్చటైన పనేమిటంటే, రాత్రి షికారుకి తయారయ్యేటప్పుడు, ఒకే ఇంట్లో కలిసుండే ఆ సినిమా పిశాచులు ఒకరి బొమ్మ ఒకరు గీసి చూపించుకుంటారు, ఇదిగో నువ్విలా ఉన్నావని. కాగితం, పెన్సిలు, అంతే. కేజ్ సినిమా ఇంకో మెట్టు పైన. అతను అద్దం ముందు నిలబడి ‘నేనేడీ?’ అన్నట్టు గింజుకుంటుంటే, మనకి అద్దంలో అతని మొహం నిక్షేపంలా కనిపిస్తూనే ఉంటుంది. ఖర్చు సున్నా. రెండింట్లో ఏది మేలంటే, పాత్ర నిజంగా పిశాచి అయితే బొమ్మల పద్ధతి, పిచ్చివాడైతే రెండోది.

రక్తం గురించి ఎక్కువ చెప్పను. మేం మొదట దిష్టి తీసే ఎర్రనీళ్ళు, అదే పసుపూ సున్నమూ కలిపి వాడాం. చొక్కా మీద ఆరేసరికి పసుపు మరక మిగిలింది. తర్వాత పంచదార పాకంలో ఎర్ర రంగు, చిటికెడు కాఫీ పొడి వేస్తే చిక్కగా బాగానే వచ్చింది గానీ చీమలు పట్టాయి. న్యూజిలాండ్ సినిమాలో వియాగో అనే 379 ఏళ్ళ పెద్దమనిషి కాటు వేసేముందు సోఫా పాడవకుండా వార్తాపత్రికలు పరుస్తాడు. ఆ పరచడమే నవ్వు. తర్వాత రక్తం గోడలదాకా చిమ్మడం దానికి బోనస్. పిశాచిని గబ్బిలంగా మార్చే జోలికి మాత్రం వెళ్ళకండి, చవక గ్రాఫిక్స్ గబ్బిలం ఎగిరే గొడుగులా ఉంటుంది.

ఎండ సంగతి డబ్బుతో ముడిపడింది. సూర్యకాంతికి పిశాచి చావడం స్టోకర్ నవల్లో లేదు, అక్కడ డ్రాక్యులా పగలే వీధిలో తిరుగుతాడు. ఎండకి కరిగిపోవడం 1922 నాటి జర్మన్ మూకీ ‘నొస్ఫెరాటు’ తర్వాత స్థిరపడింది. ఆ నియమం పెట్టుకున్నామంటే షూటింగంతా రాత్రే. లైట్లు, జనరేటరు, టీలు, మర్నాడు ఎవరూ లేవకపోవడం. నేనైతే నవల వైపే మొగ్గుతాను.

ఇక హాంకాంగ్ పిశాచి. చైనా వాళ్ళ జియాంగ్‌షీ మన ఊహలోని డ్రాక్యులాకి చుట్టం కాదు. బిగుసుకుపోయిన శవం, చింగ్ రాజుల కాలపు అధికారి దుస్తులు, చేతులు ముందుకు చాచి గెంతుతూ వస్తుంది. నుదుటిమీద మంత్రం రాసిన పసుపు కాగితం అతికిస్తే ఆగిపోతుంది. దానికి మనిషి జాడ తెలిసేది ఊపిరిని బట్టి, అందుకని ఊపిరి బిగబడితే పక్కనున్నవాణ్ణి కూడా కనిపెట్టలేదు. దీన్ని మించిన చవక సస్పెన్స్ ఇంకెక్కడా చూడలేదు. ఒక నటుడు బుగ్గలు పూరించి నిలబడతాడు, హాల్లో ఉన్నవాళ్ళంతా తెలియకుండానే ఊపిరి బిగబడతారు. విషం విరగడానికి జిగురు బియ్యం కావాలంటే, కొట్టువాడు మామూలు బియ్యం కలిపి అంటగడతాడు. కల్తీ బియ్యం కథ మనవాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. గెంతు మాత్రం సాధన లేకపోతే తేలిపోతుంది. మావాడు నాలుగు గెంతులకే మడమ పట్టేసి కూర్చున్నాడు.

చివరికి నాకు తేలింది ఊపిరి కాదు, గడప. పిలవనిదే పిశాచి లోపలికి రావడానికి వీల్లేదన్న నియమం. వెల్లింగ్టన్ పిశాచులు నైట్ క్లబ్ గుమ్మం ముందు నిలబడి, లోపలికి రమ్మనండి బాబూ అని బౌన్సర్‌ని బతిమాలుకుంటారు. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్ళు గుర్తుందా? అది వచ్చినదాన్ని తిప్పి పంపే రాత. ఇక్కడ పిలుపే ప్రమాదం. కొరియర్ కుర్రాడొచ్చినా కూర్చోబెట్టే ఇళ్ళు మనవి, ఈ నియమం ఎంతసేపు నిలుస్తుంది?

నిన్న రిహార్సల్‌లో ఆ ఒక్క సీనే చేశాం. కోరల్లేవు, రక్తం లేదు, మధ్యాహ్నం మూడు గంటల ఎండ. మనవడు తలుపుకి అడ్డంగా నిలబడి, నోరెత్తొద్దని కళ్ళతో సైగ చేస్తున్నాడు. గుమ్మం అవతల మావాడు చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. వంటింట్లోంచి బామ్మ వేషం వేసినావిడ కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి, ‘అయ్యో, ఎంతసేపైంది నాయనా వచ్చి? ఎండలో నిలబెట్టేశాడా వీడు? లోపలికి రా, కాస్త ఎంగిలిపడి వెళ్దువుగాని’ అంది.