కొత్తదని చెప్పి అమ్మే ఎక్స్‌టర్నల్ డీవీడీ డ్రైవ్‌లు కొనేవాళ్ళు జాగ్రత్త, రిటర్న్ గడువు మీదే వాళ్ళ ఆట అంతా

కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్క్ డ్రైవ్ రావట్లేదు కదా, ఇంట్లో పాత ఫొటోల బ్యాకప్‌లు, వీడియో డీవీడీలు గుట్టగా పడున్నాయి, అవన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కిద్దామని చాలామంది ఇప్పుడు యూఎస్‌బీ డీవీడీ రైటర్లు ఆన్‌లైన్‌లో కొంటున్నారు. నేనూ అందుకే కొన్నా. వచ్చిన బాక్స్ కొత్తదే, పై కేసు కొత్తదే, మెరుస్తోంది కూడా, లోపల డ్రైవ్ మాత్రం ఎవరిదో పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసింది. ఈ పోస్ట్ పెట్టడానికి అదొక్కటే కారణం కాదు. పాడైన వస్తువు ఎవరికైనా రావచ్చు, కంప్లైంట్ పెట్టాక అమ్మినవాడు ఏం చేస్తున్నాడో అది చూడండి, రిటర్న్ గడువు దాటిపోయేదాకా మనచేతే రిపేర్ ప్రయోగాలు చేయిస్తూ కూర్చుంటాడు.

నా డ్రైవ్‌లో సీడీ పెడితే బానే చదివేది. డీవీడీ పెడితే గిర్రున తిరుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ తిరుగుతుంది, చదువు రానివాడు పేపర్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూసినట్టు, చివరికి డిస్క్ పెట్టండి అని మెసేజ్, ట్రేలో డిస్క్ ఉండగానే. చాట్‌లో అడిగితే ముందు వేరే పోర్ట్‌లో పెట్టి చూడండి సార్ అన్నాడు. చూశా, అదే. తర్వాత డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోండి అని ఏదో లింక్ పంపాడు. ఆ తర్వాత లెన్స్ క్లీన్ చేయండి. ఆ తర్వాత మీ డిస్కే పాడైపోయింది. ఒక్కో మెసేజ్‌కి రిప్లై మర్నాటికి గానీ రాదు, ఎంత మర్యాదగా మాట్లాడతాడో అంత నెమ్మది, పైకి చూస్తే పాపం సాయం చేస్తున్నాడు అనిపిస్తుంది, కానీ ఆర్డర్ పేజీలో రిటర్న్ లాస్ట్ డేట్ దగ్గర పడుతోంది.

ముందు ఆ డ్రైవర్ లింక్ సంగతి. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌కి విడిగా డ్రైవర్ అక్కర్లేదండి. విండోస్‌లో దానికి కావాల్సింది ముందే ఉంటుంది, మ్యాక్‌లోనూ అంతే, లైనక్స్‌లోనూ అంతే, గుచ్చగానే పట్టుకోవాలి. డీవీడీ డ్రైవ్ పనిచేయాలంటే ఈ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయండి అని ఎవడైనా లింక్ పంపితే నొక్కకండి, అందులో ఏముంటుందో మనకి తెలీదు. గూగుల్‌లో వెతికితే వచ్చే డ్రైవర్ అప్‌డేటర్లు కూడా అంతే, స్కాన్ చేసి మీ సిస్టమ్‌లో బోలెడు తప్పులున్నాయి డబ్బు కట్టండి అంటాయి.

ఇప్పుడు సీడీ చదివి డీవీడీ చదవకపోవడం గురించి, ఎందుకంటే అమ్మేవాళ్ళు ఇక్కడే ఎక్కువ బుకాయిస్తారు. సీడీ చదివింది కదా అంటే డ్రైవ్ బావున్నట్టే, తప్పు మీ డీవీడీదే అంటారు. అది పచ్చి అబద్ధం. డీవీడీ డ్రైవ్ లోపల సీడీకి ఒక లేజర్, డీవీడీకి ఒక లేజర్ ఉంటాయి, సీడీది 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, డీవీడీది 650 నానోమీటర్ల ఎరుపు. ఒకటి నీరసించిపోయినా రెండోది బానే పనిచేస్తుంది. కాబట్టి ఒక రకం డిస్కులు అన్నీ చదివి రెండో రకం ఒక్కటీ చదవట్లేదంటే ముందు అనుమానించాల్సింది డ్రైవ్‌నే. పోర్టుల్ని కాదు, కేబుల్‌ని కాదు, కేబుల్ పోతే సీడీ కూడా రాదు కదా. ఇంకోటి, కంపెనీ ప్రింట్ చేసిన డిస్క్ చదివి ఇంట్లో రాసుకున్న డిస్క్ చదవకపోతే అది కూడా లేజర్ నీరసమే కావచ్చు, రాసుకునే డిస్కులు, ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ రకం, వెలుతురు బాగా తక్కువ తిప్పికొడతాయి, పాత డ్రైవ్ ముందు వాటి దగ్గరే చతికిలబడుతుంది. కాకపోతే ఇంట్లో రాసిన డిస్కులు ఏళ్ళ తరబడి ఉంటే వాటి రంగు పొరే పాడై ఉండొచ్చు కూడా, అందుకే ఆ డిస్క్‌ని ఇంకెవరి డ్రైవ్‌లోనైనా వేసి చూడండి. అక్కడ చదివితే వాదన అయిపోయినట్టే.

కరెంట్ విషయం మాత్రం నిజంగా చెక్ చేయాలి, వేరే పోర్ట్‌లో పెట్టి చూడమన్న అమ్మేవాడి మాట అందులో కొంతవరకు రైటే. యూఎస్‌బీ 2 పోర్ట్ ఇవ్వాల్సింది 500 మిల్లీఆంప్స్, యూఎస్‌బీ 3 అయితే 900. ఈ సన్న డ్రైవ్‌లు డిస్క్ తిప్పడం మొదలుపెట్టేటప్పుడు, రాసేటప్పుడు ఒక ఆంప్‌కి, అంటే 1000 మిల్లీఆంప్స్‌కి దగ్గరగా, కొన్ని అంతకన్నా ఎక్కువే లాగుతాయి. చాలకపోతే టిక్ టిక్ మని, యూఎస్‌బీ ఊడిపోయిన సౌండ్ వచ్చి, డ్రైవ్ కంప్యూటర్‌లోంచి మాయమై మళ్ళీ వస్తుంటుంది. ఇలా అవుతుంటే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా పెట్టండి, డెస్క్‌టాప్ అయితే వెనక పోర్ట్‌లో, రెండు పిన్నులున్న వై కేబుల్ ఉంటే రెండూ గుచ్చండి. కార్డ్ రీడరూ, ఎక్స్‌ట్రా పోర్టులూ కలిపి ఇచ్చే డ్రైవ్‌లు వస్తున్నాయి కదా, వాటికి పెన్‌డ్రైవ్ కూడా గుచ్చి ఉంచితే ఉన్న కరెంటే పంచుకోవాలి, టెస్ట్ చేసేటప్పుడు అవన్నీ పీకేయండి.

ఆ కేబుల్ చివర నీలం రంగు ప్లాస్టిక్ చూసి యూఎస్‌బీ 3 అని నమ్మకండి. లోపలికి తొంగి చూడండి, అసలైన యూఎస్‌బీ 3 పిన్నులో 9 కాంటాక్టులుంటాయి, ముందు వరుసలో 4, వెనక 5. నాదాంట్లో నాలుగే ఉన్నాయి, నీలం రంగు మాత్రం నిండుగా ఉంది. స్పీడ్ కోసం అయితే బాధపడక్కర్లేదు, సన్న డ్రైవ్ 8 ఎక్స్ వేగంలో చదివినా సెకనుకి 11 ఎంబీ చిల్లర, యూఎస్‌బీ 2కే అది సులువు. బాధ ఎక్కడంటే, ఇంత చిన్న దాంట్లో అబద్ధం ఆడినవాడు లోపల ఏం పెట్టాడో అని.

లోపల ఏం పెట్టాడో కేసు విప్పకుండానే చాలావరకు తెలుసుకోవచ్చు. విండోస్‌లో కంప్యూటర్‌కి తగిలించినవన్నీ చూపించే డివైస్ మేనేజర్‌లో డీవీడీ డ్రైవ్‌ల కింద చాలాసార్లు లోపలి డ్రైవ్ మోడల్ పేరే కనిపిస్తుంది, ఆ పేరు వెతికితే ఏ కాలం ల్యాప్‌టాపుల్లో వచ్చిందో బయటపడుతుంది. ఉదాహరణకి సోనీ తయారు చేసిన ఆప్టిఆర్క్ బ్రాండ్ ల్యాప్‌టాప్ డ్రైవ్ పేరు కనిపించిందనుకోండి, సోనీ ఆ వ్యాపారాన్ని 2013లోనే మూసేసింది, ఆ డ్రైవ్‌లు మంచివే కావచ్చు, కానీ ఈ ఏడాది తయారైన సరుకు అని చెప్తే మాత్రం కుదరదు. తర్వాత అదే డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డీవీడీ రీజియన్ అని ట్యాబ్ ఉంటుంది, ఇది చాలామందికి తెలీదు, నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. రీజియన్ అంటే ఏ దేశాల సినిమా డీవీడీలు ఆడించాలో చెప్పే సెట్టింగ్, దాన్ని డ్రైవ్‌లో 5 సార్లే మార్చుకోనిస్తారు, ఆ లెక్క కంప్యూటర్‌లో కాదు డ్రైవ్ లోపలే దాచుకుంటుంది, విండోస్ ఫార్మాట్ చేసినా పోదు. ఇంకా ఎన్ని మార్పులు మిగిలాయో అక్కడ చూపిస్తుంది. ఒకటి తగ్గి ఉంటే ఫ్యాక్టరీలోనే సెట్ చేశారేమో అనుకోవచ్చు. నాదాంట్లో మిగిలింది ఒక్కటే. సీల్ తీసి నేనే మొదటిసారి వాడుతున్న డ్రైవ్‌కి దేశాలన్నీ తిప్పినట్టు రీజియన్లు మార్చింది ఎవరు మరి? ఆ స్క్రీన్‌షాట్ పెట్టాక చాట్‌లో సార్ సార్ అనే మర్యాద కొంచెం తగ్గింది.

ట్రే బయటికి లాగి కూడా చూడండి. మధ్యలో డిస్క్ కూర్చునే గుండ్రటి హబ్ మీద అరిగిన గీతలు, లెన్స్ చుట్టూ మూలల్లో దుమ్ము ఉంటే అది కొత్తది కాదు.

ఇంకో మాట, ఇది డబ్బుకన్నా ముఖ్యం. టెస్ట్ చేయడానికి మీ దగ్గర ఒకే ఒక్క కాపీ ఉన్న డిస్క్ వేయకండి దయచేసి. పోయినా పర్లేదనుకునే డిస్క్ వేయండి. నా టెస్ట్ డిస్క్ బయటికొచ్చేసరికి దానిమీద గుండ్రంగా గీత పడి ఉంది. డిస్క్ తుడిచేటప్పుడు మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవమంటారే, కారణం అదే, అలా మధ్యలోంచి అంచు వైపు పడిన సన్న గీతని డ్రైవ్ తప్పులు సరిచేసుకుని దాటేస్తుంది, డేటా రాసిన దారి వెంబడే గుండ్రంగా పడితే వరసగా బోలెడు పోతుంది, దాన్ని సరిచేయడం దాని వల్ల కాదు. సన్న డ్రైవ్‌లో డిస్క్‌ని మధ్యలో నొక్కితే టక్‌మని కూర్చోవాలి, కూర్చోకుండా ట్రే మూస్తే కూడా గీతలు పడతాయి, అది డ్రైవ్ తప్పు కాదు.

అన్నీ అమ్మేవాళ్ళ మీదకే తోసేయకూడదు కూడా. డ్రైవ్ మీద పసుపు గుర్తు వచ్చి కోడ్ 19 గానీ 39 గానీ చూపిస్తే అది చాలాసార్లు విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీ గొడవ, పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్లు తీసేశాక అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే ఎంట్రీలు మిగిలిపోయి డ్రైవ్‌ని అడ్డుకుంటాయి, రిజిస్ట్రీ బ్యాకప్ తీసుకుని సీడీ, డీవీడీ డ్రైవ్‌ల క్లాస్ కింద ఉన్నవాటిని మాత్రమే తీసేస్తే సరిపోతుంది, అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళ చేత చేయించండి. డిస్క్‌లో ఫైల్స్ కనిపిస్తూ సినిమా మాత్రం ప్లే అవకపోతే విండోస్ 10, 11తో డీవీడీ ప్లేయర్ రాదు కాబట్టి, వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకోండి. ఇవన్నీ కాదని తేల్చుకోవడానికి ఒకటే పని, ఇంకో కంప్యూటర్‌కి గుచ్చడం. అక్కడా అదే వరస అయితే మీ కంప్యూటర్‌ని వదిలేయండి.

లెన్స్ క్లీన్ చేయమంటే? గాలి ఊదే రబ్బర్ బల్బుతో రెండుసార్లు దుమ్ము ఊదడం వరకు ఓకే. అంతకు మించి గడువు లోపల చేయొద్దు. ఆ లెన్స్ సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, దూదితో గట్టిగా రుద్దితే పక్కకి ఒరిగిపోతుంది, అప్పుడు కస్టమరే పాడుచేశాడు అంటారు. స్క్రూలు విప్పడం అసలే వద్దు, స్టిక్కర్ చిరిగితే రిటర్న్ పోయినట్టే. వీడియోల్లో లేజర్ పవర్ పెంచడానికి చిన్న స్క్రూ తిప్పమంటారు, కొన్నాళ్ళు చదివి తర్వాత లేజర్ డయోడ్ మొత్తం మాడిపోతుంది. మూత తీసి ఆన్ చేసి లోపలికి చూడటం కళ్ళకి ప్రమాదం, రైటర్ లేజర్ మామూలుది కాదు. ట్రే ఇరుక్కుని డిస్క్ రాకపోతే మాత్రం కంగారు పడకండి, కేబుల్ పీకేసి, ముందు వైపు ఉండే చిన్న బొక్కలో పేపర్ క్లిప్ నిటారుగా చేసి మెల్లగా నొక్కితే తెరుచుకుంటుంది.

రైటర్ కొన్నవాళ్ళు వచ్చినరోజే రాసి కూడా చూడండి, రాసింది సరిగ్గా పడిందో చూసే వెరిఫై ఆప్షన్ పెట్టి. రాయడానికి లేజర్‌కి చదవడానికన్నా చాలా ఎక్కువ పవర్ కావాలి, చక్కగా చదివే డ్రైవ్ రాయడంలో ఫెయిలవ్వచ్చు, అది నెలల తర్వాత తెలిస్తే లాభం లేదు.

నాకు చివరికి రీప్లేస్‌మెంట్ ఇస్తామన్నారు, వచ్చింది కూడా ఊడదీసిన సరుకే, ఈసారి సీడీ కూడా తడబడుతోంది. ఇక చాట్ ఆపేసి, అన్‌బాక్సింగ్ నుంచి తీసిన వీడియో, రీజియన్ స్క్రీన్‌షాట్, నాలుగు కాంటాక్టుల ఫొటో, వేరే కంప్యూటర్‌లో ఫెయిలైన వీడియో అన్నీ కలిపి కొన్న సైట్ రిటర్న్ సెక్షన్‌లోనే రిక్వెస్ట్ పెట్టా, కారణం దగ్గర "పనిచేయట్లేదు" అని కాకుండా "వాడిన వస్తువు కొత్తదని పంపారు" అనేది ఎంచుకున్నా, రిఫండ్ వచ్చింది. అమ్మినవాడితో చాట్‌లో మాట్లాడుతున్నా సరే రిక్వెస్ట్ మాత్రం మొదటి రోజే పెట్టేయండి, చాట్ చేసినంత మాత్రాన గడువు ఆగదు. లిస్టింగ్ ఇంకా ఉంది, టైటిల్ మార్చాడు, ఫొటోలు అవే. రివ్యూలు చూసేటప్పుడు స్టార్లు కాదు, "సీడీ వస్తోంది డీవీడీ రావట్లేదు" అని ఎవరైనా రాశారేమో చూడండి, ఆ పాత పేజీలో అలాంటివి కింద చాలానే ఉన్నాయి.