భుజమా, గ్లోవ్సా, పాదాలా? బాక్సింగ్‌లో ఏ డిఫెన్స్ మేలు

2015 మే 2న లాస్ వెగాస్‌లో మేవెదర్, పాకియావ్ తలపడ్డారు. అమెరికాలో ఆ ఫైట్ పే పర్ వ్యూలో 46 లక్షల దాకా అమ్ముడుపోయింది. ముగ్గురు జడ్జిలూ మేవెదర్‌కే ఇచ్చారు. డబ్బు కట్టి చూసినవాళ్లలో చాలామంది మాత్రం "ఇదేం ఫైట్, దండగ" అని తిట్టిపోశారు. దెబ్బ తప్పించుకుంటూ గెలవడం ఆటా, పిరికితనమా అనే తగువు అప్పటిది కాదు, ఇప్పట్లో తెగేదీ కాదు. నాకు దాని మీద పెద్ద ఆసక్తి లేదు. ఎలా తప్పించుకుంటే మేలు, ముందుముందు రింగ్‌లో ఏ పద్ధతి నిలబడుతుంది అన్నదే నా ప్రశ్న.

ముందుగా అందరి నోళ్లలో నానే షోల్డర్ రోల్. ఎడమ చేయి పొట్టకు అడ్డంగా కిందికి, కుడి గ్లోవ్ దవడ పక్కన, ఎడమ భుజం గడ్డం దాకా పైకి. ఎదుటివాడి కుడిచేతి పంచ్ రాగానే నడుము కొంచెం తిరుగుతుంది, పంచ్ భుజం మీద జారిపోతుంది. ఆ తిరుగుడుకే బరువు వెనక్కాలి మీదికి చేరుతుంది, కుడి చేయి ఎదురుదెబ్బకు సిద్ధంగా ఉంటుంది. చూడ్డానికి ఇంతకంటే అందమైన డిఫెన్స్ లేదు, ఒప్పుకుంటాను. దీనికి పేరుమోసిన మేవెదర్‌కి బాక్సింగ్ ఇంటి విద్య. తండ్రి, బాబాయి రోజర్ ఇద్దరూ బాక్సర్లే, ఇద్దరూ అతనికి కోచ్‌లుగా ఉన్నవాళ్లే.

అయితే ఇది చూపు మీద నడిచే విద్య. దెబ్బ బయల్దేరకముందే పసిగట్టే కళ్లు లేకపోతే ఆ కిందికి దించిన ఎడమ చేయి ఆహ్వానపత్రికే. ఏడ్రియన్ బ్రోనర్ మేవెదర్‌ని అచ్చు గుద్దినట్టు అనుకరించేవాడు. 2013 డిసెంబరులో శాన్ ఆంటోనియోలో మార్కోస్ మైదానా లెఫ్ట్ హుక్‌లతో (ఎడమ చేత్తో పక్కనుంచి వంకరగా వేసే దెబ్బలు) అతన్ని రెండుసార్లు పడగొట్టి, తొలి ఓటమి రుచి చూపించాడు. భుజం కాచేది అవతలివాడి కుడిచేతి దెబ్బని. హుక్ వచ్చేది రెండోపక్క నుంచి, అక్కడ కాపలా ఒక్క కుడి గ్లోవే. ఇక ఎడమచేతివాటం వాడు ఎదురైతే బలమైన దెబ్బ కూడా అటే వస్తుంది. పాకియావ్ ఎడమచేతివాటం వాడే. అందుకే అతని మీద మేవెదర్ తన భుజం కంటే కాళ్లనూ, దూరాన్నీ, క్లించ్‌నూ (ఎదుటివాణ్ణి వాటేసుకుని కొట్టనివ్వకపోవడం) ఎక్కువ నమ్ముకున్నాడు. ఈ విద్యలో అందరికంటే ఆరితేరినవాడే, అన్నిటికంటే పెద్ద ఫైట్‌లో దాన్ని సగం పక్కన పెట్టాడన్నమాట.

కంటి వేగం మీద బతికే డిఫెన్స్‌కి ఇంకో ప్రమాదం ఉంది. ప్యూర్టో రికోకి చెందిన విల్‌ఫ్రెడ్ బెనితెజ్ 1976లో 17 ఏళ్లకే ప్రపంచ చాంపియన్. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. తలనీ నడుమునీ కదిపి దెబ్బలు తప్పించుకునే తీరుకి "రాడార్" అనే పేరొచ్చింది. ఆ రాడార్ మందగించాక కూడా 1990 దాకా ఆడుతూనే ఉన్నాడు. మెదడు దెబ్బతిని, తర్వాతి జీవితమంతా మరొకరి సంరక్షణలో గడపాల్సి వచ్చింది.

పీకబూ సంగతి వేరు. రెండు గ్లోవ్స్ చెంపలకు ఆనించి, మోచేతులు దగ్గరికి పెట్టుకుని, తలని ఒక్కచోట ఉంచకుండా ఊపుతూ లోపలికి చొరబడటం. కస్ డమాటో దీంతో ఇద్దరు హెవీవెయిట్ చాంపియన్లను తయారు చేశాడు: 1956లో 21 ఏళ్ల ఫ్లాయిడ్ ప్యాటర్సన్, 1986లో 20 ఏళ్ల మైక్ టైసన్. పొట్టివాడికి ఇది నిజంగా వరం. కానీ మోకాళ్లనీ ఊపిరినీ పిండేస్తుంది, పక్కన కోచ్ వెంటబడి చేయించకపోతే వారాల్లో తుప్పు పడుతుంది. కోచ్ కెవిన్ రూనీని 1988లో వదిలించుకున్నాక టైసన్ తల కదలిక తగ్గిపోయింది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) ఒకదాని వెనక ఒకటి వచ్చి తగలడం చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

నా ఓటు పాదాలకే. ఉక్రెయిన్ బాక్సర్ లోమచెంకో ఆట ఒక్క రౌండ్ నెమ్మదిగా తిప్పి చూడండి. అతనిది ఎడమచేతివాటం. కుడి చేత్తో ఎదుటివాడి గ్లోవ్‌ని ఊరికే తట్టి, చూపు అక్కడ నిలిచిన క్షణంలో కుడి పాదాన్ని అవతలివాడి ముందుపాదానికి బయటిపక్క వేస్తాడు. అక్కణ్ణించి ఒక్క మెలిక, అంతే, మనిషి పక్కకొచ్చేస్తాడు. ఎదుటివాడు తిరిగేలోపు మూడు నాలుగు పంచ్‌లు పడిపోతాయి. చిన్నప్పుడు తండ్రి పట్టుబట్టి ఉక్రెయిన్ జానపద నృత్యం నేర్పించాడట, పాదాలు చూస్తే నమ్మబుద్ధేస్తుంది. 2016 నవంబరు నుంచి 2017 డిసెంబరు దాకా వరసగా నలుగురు ప్రత్యర్థుల ఫైట్ మధ్యలోనే ఆగిపోయింది, మళ్లీ రౌండ్‌కి లేవలేదు. వాళ్లలో ఒకడు రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన రిగోందో, డిఫెన్స్‌కే పేరుమోసినవాడు (చేతికి గాయం అన్నాడులెండి).

భుజం దెబ్బని జార్చుతుంది, గ్లోవ్ ఆపుతుంది. పాదం ఆ రెండూ చేయకుండా, కొట్టడానికి వీలైన చోటికి మనిషిని చేరుస్తుంది. అందుకే ఇందులో డిఫెన్స్ ఎక్కడ అయిపోయి దాడి ఎక్కడ మొదలైందో చెప్పలేం. చూసేవాడికి విసుగు రాదు, జడ్జికి పాయింట్లు కనబడతాయి. ఉక్రెయిన్ హెవీవెయిట్ ఉసిక్ తనకంటే అర అడుగు పొడవైన టైసన్ ఫ్యూరీని 2024లో రెండుసార్లు ఓడించింది ఈ పాదాలతోనే.

కాళ్లు వయసుతో పోతాయి కదా అంటారు. నిజమే. సైన్యంలో చేరనన్నందుకు పడిన నిషేధం తర్వాత తిరిగొచ్చిన మహమ్మద్ అలీ కాళ్లు మునుపటిలా లేవు. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్ మీద తాళ్లకు ఆనుకుని దెబ్బలు తిని గెలవాల్సి వచ్చింది. కానీ ఉసిక్ 38 ఏళ్ల వయసులో, 2025 జులైలో వెంబ్లీలో డుబోయిని అయిదో రౌండ్లో నాకౌట్ చేశాడు. రింగంతా పరుగెత్తడం వేరు, సరైన చోట ఒక అడుగు వేయడం వేరు. రెండోది అంత త్వరగా పోదు.

అమెచ్యూర్ బాక్సింగ్‌లోనైతే నాకు సందేహమే లేదు. అక్కడ మూడు నిమిషాల చొప్పున మూడే రౌండ్లు. ఎదుటివాణ్ణి చదువుతూ, వలవేసి కూర్చునే షోల్డర్ రోల్‌కి అంత తీరిక ఎక్కడిది? మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయిన ఫైనల్ చూడండి. దూరం తన చేతిలో పెట్టుకుని, సూటి పంచ్‌లు వేసి వెనక్కి రావడమే ఆమె బలం.

భుజం విద్య అంతరించిపోతుందని మాత్రం అనను. 2023 నవంబరులో డి లాస్ సాంటోస్ మీద దూరదూరంగా తిరిగి ప్రేక్షకుల చేత ఛీ అనిపించుకున్న షకూర్ స్టీవెన్సన్, 2025 జులైలో న్యూయార్క్‌లో జెపెడాకి ఎదురుగా, చేతికందే దూరంలో నిలబడి, భుజం, నడుము, అర అడుగు పాదం కలిపి ఆడి గెలిచాడు. అలా కలపాలంటే పాదాలు ముందే కుదిరి ఉండాలి. ఇప్పుడే అకాడమీలో చేరి, ఫోన్లో మేవెదర్ వీడియోలు చూసి ఎడమ చేయి దించేసే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: గ్లోవ్స్ చెంప మీద ఉంచండి, కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడకుండా పక్కకి జరగడం ముందు నేర్చుకోండి, షోల్డర్ రోల్ తర్వాత చూసుకోవచ్చు.